బావగారు పంపిన ఉల్లిపాయలు

ఊళ్ళో మొదటి రోకటి పోటు వినిపించకముందే సితాన్ వెళ్ళి బావగారి గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చునేది. తలగుడ్డ ముందుకు లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుని, "రాత్రి చల్లగా గడిచిందా?" అని అడిగేది. లోపలినుంచి జుమానా కోనే "చల్లగానే" అనేవాడు. ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారా అంటే చల్లగానే. ఒంట్లో చల్లగా ఉందా అంటే చల్లగానే. అంతటితో లేచి తన గుడిసెకి తిరిగి వచ్చేది. వచ్చే దారిలో ధాన్యపు గాదె మలుపు తిరగగానే, గాదె కింద దాచిన సొరకాయ బుర్ర తీసి, ఒక పుక్కిలి నీళ్ళు పట్టి, గోడ మొదట్లో ఉమ్మేసేది. ఆ పలకరింపును నోట్లో ఉంచుకుని సంకటి కలపడం ఆమెకిష్టం లేదు. ఎండాకాలంలో ఊరంతా మాడి ఉన్నప్పుడు కూడా ఆ గోడ మొదట్లో గుప్పెడు గడ్డి పచ్చగా ఉండేది.

జుమానా ఆమె చనిపోయిన భర్త బకారీకి అన్న. జంబుగు అనే ఆ ఊళ్ళో కోడళ్ళు మరుదులతో ఎంత వేళాకోళమైనా ఆడతారు. తలమీద టోపీ లాగి పారేసినా ఎవరూ ఏమీ అనుకోరు. బావగారి దగ్గర మాత్రం నోరు కుట్టేసుకోవాలి. మొహంలోకి చూడకూడదు, ఎదురు చెప్పకూడదు, చెప్పవలసింది ఏదైనా ఉంటే మధ్యలో ఇంకొకరిని పెట్టి చెప్పించాలి. సితాన్ ఈ మర్యాదను కోడలై వచ్చిన నాటినుంచీ పొల్లుపోకుండా నడిపింది. "కోడలంటే సితాన్‌లా ఉండాలి" అని తల్లులు కూతుళ్ళకి చెప్పేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకు గొంతులో చేపముల్లు దిగినట్టుండేది.

వాగు పక్కన ఒక పల్లపు నేల ఉంది. ఒకప్పుడు అక్కడ జమ్ము తప్ప ఏమీ మొలిచేది కాదు. బకారీ, సితాన్ కలిసి ఆ జమ్మంతా పెరికారు. అక్కడ బావి తవ్వింది బకారీ. అతను అడుగున ఉంటే ఆమె పైన తాడు పట్టుకుని నిలబడేది. మట్టిబుట్ట పైకి లాగినప్పుడల్లా లోపలినుంచి అతను ఒక బూతుపాట అందుకునేవాడు, నవ్వుకి ఆమె చేతిలో తాడు జారేది. గాడిదల పేడ తట్టలకొద్దీ నెత్తిన మోసి ఆ నేలకి తినిపించారు. చివరికి అక్కడ పండిన ఉల్లిపాయల కోసం సంతనాడు పొరుగూళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. తర్వాత ఒక వానాకాలంలో బకారీ జ్వరంతో పడుకుని లేవలేదు. 

విధవరాలి గడువు తీరేదాకా సితాన్ ఇంటి గోడలు దాటలేదు. గడువు తీరిన రోజు పొట్టి పార భుజాన వేసుకుని పల్లానికి వెళ్ళింది. బావి దగ్గర జుమానా చిన్న పెళ్ళాం తెనెన్ నీళ్ళు తోడుతోంది.

"నన్నేం చెయ్యమంటావక్కా? ఆయన పొమ్మన్నాడు, వచ్చాను" అంది తెనెన్, చేద చేతిలో పట్టుకునే.

సితాన్ ముసలి కంబా చేత బావగారికి కబురు పంపింది. కంబాది జెలీ కులం. పెళ్ళిలోనైనా చావులోనైనా అందరి మాటనూ గొంతెత్తి మోయడమే వాళ్ళ పని. జుమానా గొంతు సవరించుకుని, అగ్గిపుల్లతో చెవి గోక్కుంటూ జవాబిచ్చాడట. "నేల కోనేల వంశానిది. తమ్ముడు పోయాడు, మగపిల్లవాడు లేడు. ఒంటి ఆడమనిషికి అంత నేలెందుకు? ఆమెకి తిండికి లోటు చేస్తామా ఏమన్నా?"

లోటు చేయలేదు. ఆ ఏడు కోతలు కాగానే తెనెన్ చేత ఒక బుట్టెడు ఉల్లిపాయలు పంపించాడు. సితాన్ నాటిన నారు, ఆమె ఎరువు వేసిన మడి. ఇంటిపెద్ద దయతలిచి ఏదైనా ఇస్తే వెళ్ళి మోకరిల్లి దీవించి రావాలి. ఆమె వెళ్ళింది. గోడవైపు చూస్తూ, "అల్లా మీకు ఇంకా పెట్టే చెయ్యి ఇవ్వాలి" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఆమీన్ అన్నారు.

ఆ ఉల్లిపాయల్లో ఒక్కటి కూడా ఆమె వండలేదు. కాడలన్నీ కలిపి జడలా అల్లి పొయ్యిమీద దూలానికి వేలాడదీసింది.

"తినవా అక్కా?" అని తెనెన్ అడిగితే, "దాచుకుంటున్నానమ్మా, బావగారి చేతి సొమ్ము కదా" అంది.

ఏళ్ళు గడిచాయి. పొగకి ఆ జడ నల్లబడింది, పాయలు ముడుచుకుపోయి మేక గిట్టల్లా అయ్యాయి.

*

తుబాబు పిల్ల ఊళ్ళోకి వచ్చింది కోతల తర్వాత, గాలిలో దుమ్ము లేచే రోజుల్లో. తుబాబులంటే తెల్లవాళ్ళు. ఏదో స్వచ్ఛంద సంస్థ ఆ పిల్లని రెండో ఏటి వానలదాకా ఊళ్ళో ఉండి పసిపిల్లల్ని తూచి, తల్లులకు మంచీచెడూ చెప్పమని పంపింది. పేరు ఇంగ్రిడ్. నెబ్రాస్కా అనే చోట మొక్కజొన్న పండించే ఇంటి పిల్ల. ఊళ్ళో పెద్ద లోగిలి జుమానాది కాబట్టి అతిథి ఆయన పంచనే దిగింది. ఆమెకు వండిపెట్టే పని సితాన్ మీద పడింది. మొగుడికి వంతులవారీగా వండే బాధ్యత లేని ఆడది ఆ లోగిట్లో ఆమె ఒక్కతే మరి.

ఆ రోజు వాకిట్లో పెద్దలందరూ కూర్చున్నారు. ఇంగ్రిడ్ అనే పేరు ఎవరి నాలుకకీ ఎక్కలేదు. ఊరి పేరు ఒకటి పెట్టాలన్నారు.

"వండిపెట్టేది ఎవరో పేరు కూడా వాళ్ళనే పెట్టుకోమనండి. నాకెందుకు ఆ బెడద!" అన్నాడు జుమానా ఉదారంగా.

సితాన్ కంబా చెవిలో చెప్పింది. కంబా లేచి అరిచింది. "వినండి పెద్దలారా! సితాన్ తన కన్నతల్లి పేరు ఈ పిల్లకిస్తోంది. ఇవాళ్టినుంచీ ఈమె న్యెబా త్రావోరే!"

వాకిలి గొల్లుమంది. త్రావోరేలకూ కోనేలకూ మధ్య తాతలనాటి వేళాకోళపు చుట్టరికం ఉంది. ఈ ఇంటిపేరువాళ్ళు ఆ ఇంటిపేరువాళ్ళని బొబ్బర్ల తిండిపోతులనీ, బానిసలనీ ఏమైనా అనవచ్చు, పడాల్సిందే. కోపం తెచ్చుకున్నవాడు నలుగురిలో చులకనైపోతాడు. ఆ వేళాకోళంలో అడిగినది ఇవ్వనన్న ఇంటికి కీడు తగులుతుందని భయం కూడా ఉంది. సితాన్ పుట్టింటివాళ్ళు త్రావోరేలే. కానీ జుమానా తనకి బావగారైన రోజునే ఆమెకు ఆయన మీద ఆ హక్కు చచ్చిపోయింది.

"నా ఇంట్లోకి బొబ్బర్లు మెక్కేదాన్ని తెచ్చి పెడతారా!" అని జుమానా తొడ చరిచాడు. "సరే కానీ. త్రావోరే అంటే నా బానిసే కదా. ఏయ్ బానిసా, నా చెప్పులు మొయ్యి!"

ఆ మాటతో ఒప్పుకున్నట్టయింది. అందరూ నవ్వుతుంటే సితాన్ ఇంకా కిందికి వంగింది. ఆమె మర్యాదకి వంగిందని అనుకున్నారు. తను నవ్వడం వాళ్ళకు కనిపించకూడదని వంగింది.

*

తల్లి పేరు పెట్టుకున్న పిల్ల తల్లితో సమానం. అందుకని ముసలితనం దగ్గరపడ్డ సితాన్ ఆ పిల్లని "మా అమ్మా" అని పిలిచేది. ఇరవై మూడేళ్ళ న్యెబా ఆమెను "కూతురా" అని పిలిచేది. మొదట్లో అలా పిలవడానికి ఆ పిల్ల చెవులదాకా ఎర్రబడేది. తర్వాత తెగ అలవాటైపోయి, "కూతురా, తలదువ్వుకోలేదేం?" అని గదమాయించేదాకా వచ్చింది.

న్యెబా పొద్దున్నే లేచి ఊరి బావికి పోయేది. చేద తాడుకి అరచేతులు బొబ్బలెక్కాయి. బొబ్బలు పగిలి కాయలు కాసేసరికి, "ఇప్పుడు నీ చేతులు చేతుల్లా ఉన్నాయి" అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. సజ్జలు దంచుతానని రోకలి పట్టుకుంటే ఆ రోకలి రోలు అంచుకి తగిలి ఎగిరేది, కోళ్ళు పారిపోయేవి. బిందె నెత్తిన పెట్టుకుని నడిస్తే ఇంటికి చేరేసరికి నీళ్ళు సగం బిందెలో, సగం వీపున ఉండేవి. వారానికోసారి వేపచెట్టు కొమ్మకి తక్కెడ కట్టి, గుడ్డ ఉయ్యాల్లో పసివాళ్ళని వేలాడదీసి తూచేది. తల్లులు వరసలో కూర్చుని, ఎవరి బిడ్డకి ముల్లు ఎక్కువ తిరిగిందో చూసి ఒకళ్ళనొకళ్ళు దెప్పుకునేవారు. కడుపు జారే పిల్లలకి ఉప్పూ పంచదారా నీళ్ళలో ఎలా కలపాలో చూపించేది. మొదట్లో ఆ నీళ్ళని తల్లులే రుచి చూసి తాగేసేవారు.

ప్రతిదానికీ కృతజ్ఞత చెప్పేది. మంచినీళ్ళిస్తే చెప్పేది, పీట వేస్తే చెప్పేది. "ఎందుకు ఇన్నిసార్లు చెబుతుంది? మళ్ళీ మన మొహం చూడదా ఏం?" అని తెనెన్ కంగారు పడింది. మధ్యాహ్నం గుడిసెలో ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకుంటే ఊరంతా బెంగపడింది. పాపం ఎవరూ లేరు ఆ పిల్లకి, దిగులు పడుతోంది అని కంబా వెళ్ళి పక్కన కూర్చునేది. న్యెబా పేజీ తిప్పినప్పుడల్లా "ఊఁ" కొట్టేది. ఆ పిల్ల పుస్తకం మూసేదాకా లేచేది కాదు.

మిగతా ఊళ్ళలో తుబాబులకు ముందు పలకరింపులు నేర్పుతారు. సితాన్ పలకరింపుల వెంటనే తిట్లు నేర్పింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఎక్కడ విరవాలో, ఎక్కడ ఆపి ఊపిరి పీల్చాలో, నలుగురూ నవ్వేదాకా ఎలా నిలబడాలో చెప్పేది.

"మా అమ్మా, అంత మెల్లిగా అంటే ప్రార్థన చేస్తున్నావనుకుంటారు. గట్టిగా అనాలి. నడుం మీద చెయ్యి పెట్టు."

మరునాడు పొద్దున్నే న్యెబా జుమానా గుమ్మం ముందు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టి కేకేసింది. "ఓ బొబ్బర్ల బస్తా! ఇంకా లేవలేదా? రాత్రంతా నీ కడుపు చేసిన చప్పుడికి ఊరు నిద్రపోలేదు!"

జుమానా మురిసిపోయాడు. తెల్లపిల్ల తన గుమ్మంలోకి వచ్చి అచ్చమైన జంబుగు యాసలో తిట్టడం చుట్టుపక్కల ఏ పెద్దమనిషికి జరిగింది? పొరుగూరివాళ్ళు వస్తే పనిగట్టుకుని పిలిపించేవాడు. "రావే నా బానిసా, తిట్టి చూపించవే వీళ్ళకి!" ఆమె తిట్టేది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తిట్టు ఒక్కొక్క వేలెడే ముందుకు పోయింది. మొదట బొబ్బర్లు, తర్వాత పొట్ట, తర్వాత పిసినారితనం. సితాన్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని గోడవైపు చూస్తూ వినేది.

*

ఆ పల్లం సంగతి న్యెబా తనంతట తనే అడిగింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

"కూతురా, వాగు దాటేటప్పుడు ఎప్పుడూ కుడివైపు మొహం తిప్పుకుంటావేం? ఎడమవైపు ఏముంది?"

సితాన్ చెప్పింది. జమ్ము పెరకడం, తాడు జారడం, గడువు తీరిన రోజు, బుట్ట, అన్నీ. చెప్పి, వేలెత్తి దూలానికి వేలాడే నల్లటి జడ చూపించింది. అదేదో మందు అని న్యెబా అంతవరకూ అనుకుంది.

ఆ పిల్ల చివాలున లేచింది, ఒడిలో కాయలన్నీ నేలపాలయ్యాయి. "నేనిప్పుడే వెళ్ళి అడుగుతా. మా ఆఫీసులో చెబుతా. పట్నంలో పెద్ద అధికారికి చెబుతా."

"కూర్చో అమ్మా. చెబితే ఏమవుతుంది? విధవ ముండ పరాయిదాన్ని తెచ్చి ఇంటి పరువు తీసిందంటారు. నిన్ను ఇంకో ఊరికి పంపించేస్తారు. నన్ను ఈ లోగిట్లోంచి గెంటేస్తారు. కాయలేరుకో."

"మరి ఏం చెయ్యాలి? ఊరుకోవాలా?"

"ఊరుకోవడానికేనా నీకు మా అమ్మ పేరు పెట్టింది?"

న్యెబా మళ్ళీ కూర్చుంది. వంగి నేలమీద కాయలు ఏరింది. ఆమె మొహంలో ఒక రంగు వచ్చి ఇంకొకటి పోతోంది.

"అయితే నన్ను వాడుకోవడానికే పేరు పెట్టావా?" అంది చివరికి.

"అవును" అంది సితాన్. అబద్ధమాడాలని ఆమెకు అనిపించలేదు. "పేరు అందుకే పెట్టాను. అమ్మా అని పిలవడం తర్వాత అలవాటైంది."

*

జుమానా పెద్దకొడుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు వాళ్ళు వాగుకి ఆవలి ఊరి త్రావోరేలు. ఆ సంగతి తెలిసిన రోజు సితాన్ సంకటిలోకి వేరుశనగ పులుసు చేసి, ఎండుచేప కూడా వేసింది. పండగేమిటని అడిగింది తెనెన్. "మా పుట్టింటి పేరువాళ్ళు ఇంటికొస్తున్నారుగా" అంది.

పెళ్ళినాడు లోగిలి కిక్కిరిసింది. త్రావోరేలు వస్తూనే దండయాత్ర మొదలుపెట్టారు. "బొబ్బర్ల వాసన మా ఊరిదాకా వచ్చింది, దాన్ని పట్టుకునే దారి తెలుసుకున్నాం!" అన్నారు. కోనేలు "బానిసలొచ్చారు, గొడ్లపాక ఖాళీ చెయ్యండి!" అన్నారు. తెల్లపిల్ల కూడా త్రావోరే అని తెలిసి, పెళ్ళికూతురి తాత తియేమొకో ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇదిగో మా పిల్ల! ఎండ తగలకుండా దాచిపెట్టి పెంచాం!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. 

సితాన్ వంటపాక గోడ వెనక పెద్ద కాగులో సంకటి కలుపుతోంది. గోడ తలెత్తు ఉంటుంది. మునివేళ్ళ మీద నిలబడితే వాకిలి కనిపిస్తుంది. ఇవాళ జుమానాకి కోపం వస్తే, నవ్వు ఆగిపోతే, సాయంత్రానికి తన మూట వీధిలో ఉంటుందని ఆమెకు తెలుసు. పల్లం ఎటూ పోయింది. ఉన్న గుడిసె కూడా పోతుంది. గరిట మాత్రం ఆపలేదు.

న్యెబా లేచి నేరుగా జుమానా దగ్గరకు పోయి ఆయన నెత్తిమీద టోపీ లాగేసుకుని తను పెట్టుకుంది. పొట్ట ముందుకు తోసి, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించి, అగ్గిపుల్లతో చెవి గోక్కుంది. వాకిలి పగిలిపోయింది. జుమానా అందరికంటే ఎక్కువ నవ్వాడు. "అచ్చు నేనే! చూశారా, అచ్చు నేనే!"

అప్పుడు ఆ పిల్ల గాదె వెనకనుంచి ఒక బుట్ట తెచ్చి కంబా ముందు నిలబడింది.

"ఊహూఁ! ఏమే విధవా! నీ మొగుడు తవ్విన బావి, నువ్వు మోసిన పేడ. అక్కడ పండినవాటిలోంచి ఒక బుట్ట నీకే ఇస్తున్నాను. ఎంత పెద్ద చెయ్యో చూశావా నాది! ఏదీ, వంగు. ఇంకా వంగు. దీవించు!"

కంబా ముసలిదైనా గడుసుది. అమాంతం మోకాళ్ళ మీద పడి, తలగుడ్డ ముందుకు లాక్కుని, గోడవైపు మొహం తిప్పి, "అల్లా మీకు ఇంకా పెట్టే చెయ్యి ఇవ్వాలి" అంది, అచ్చం సితాన్ గొంతుతో.

న్యెబా బుట్టలోంచి జడ పైకి లాగింది. పొగకి నల్లబడి, ముడుచుకుపోయి, ఏళ్ళ దుమ్ము పట్టిన జడ. దాన్ని ఎత్తి పట్టుకుని అందరికీ తిప్పి చూపించింది. జంబుగువాళ్ళ నవ్వు ఒక్కసారిగా తగ్గింది. పైఊరివాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళకి తెలియదు కదా.

"ఇవెక్కడి ఉల్లిపాయలే?" అన్నాడు తియేమొకో.

"ఇంటాయన్నే అడగండి తాతా" అంది కంబా నేలమీదనుంచే. "ఆయన చేతి సొమ్మే. పాపం ఆ విధవకి తినబుద్ధి కాలేదట."

జుమానా నవ్వుతూనే ఉన్నాడు. వక్కలా నమిలే కోలా కాయ నోట్లో ఉన్న దవడ మాత్రం ఆగిపోయింది.

న్యెబా టోపీ తీసి ఆయన ఒళ్ళో పడేసింది. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళవలసిన గుడిసె గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఓ బొబ్బర్ల బస్తా! నన్ను బానిసా అని పిలుస్తావు. బానిసకి దున్నుకోను నేలుండాలిగా? వాగు పక్క పల్లం నాకిచ్చెయ్. ఇచ్చేదాకా నీ కోడలు ఈ గడప దాటదు."

"ఇచ్చెయ్! ఇచ్చెయ్!" అని త్రావోరేలందరూ చప్పట్లు అందుకున్నారు. డోలువాడు కూడా ఆ లెక్కకే కొట్టాడు. పెళ్ళికూతురు ముసుగు కింద ఎండలో నిలబడి ఉంది. ఆమెవాళ్ళు చూస్తున్నారు. జుమానా చుట్టూ చూశాడు. కోప్పడితే ఇంతమంది వియ్యాలవారి ముందు వేళాకోళం పడలేనివాడవుతాడు. కాదంటే పెళ్ళినాడే చుట్టరికం తెంచుకున్నవాడవుతాడు. ఆయన వంటపాక గోడవైపు ఒక్కసారి చూశాడు. గోడ పైన ఒక తలగుడ్డ అంచు కనిపించి మాయమైంది.

"తీసుకోవే బొబ్బర్లదానా, తీసుకో!" అన్నాడు చేతులెత్తి. "వానలు పడగానే మీ దేశం పోతావుగా, నెత్తిన పెట్టుకుని పట్టుకుపో!"

"విన్నారా!" కంబా లేచి కేక పెట్టింది. "జుమానా కోనే వాగు పక్క పల్లాన్ని న్యెబా త్రావోరేకి ఇచ్చాడు! ఎండ విన్నది, జనం విన్నారు, కంబా విన్నది!" ఆ మాటనే తిప్పి తిప్పి పాటగా కట్టి సాయంత్రందాకా పాడుతూనే ఉంది.

"మా పిల్లకిచ్చిన నేలని మళ్ళీ ముట్టుకుంటే త్రావోరేలందరం వచ్చి నీ గాదెలో బొబ్బర్లు తినేస్తాం వియ్యంకుడా" అన్నాడు తియేమొకో. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం జడ మీదే ఉన్నాయి.

గోడ వెనక సితాన్ తలగుడ్డ అంచు పళ్ళ మధ్య బిగించి సంకటి కలుపుతూనే ఉంది. మాడితే పెళ్ళివారి ముందు మాటపడాలి.

మరునాడు పొద్దున్న మామూలుగానే వెళ్ళి బావగారి గుమ్మం ముందు మోకరిల్లింది. "రాత్రి చల్లగా గడిచిందా?" జుమానా లోపల గొంతు సవరించుకున్నాడు. "చల్లగానే." ఆ రోజు ఆమె అక్కడితో ఆగలేదు. నిద్ర చల్లగా పట్టిందా? కడుపులో చల్లగా ఉందా? వియ్యాలవారు చల్లగా వెళ్ళారా? గొడ్లు చల్లగా ఉన్నాయా? పలకరింపు ఎంత పొడుగైతే అంత మర్యాద. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పి తీరాలి. లోపలినుంచి ఒక్కొక్క "చల్లగానే" బావిలోంచి తోడినట్టు వచ్చింది. వాకిలి ఊడుస్తున్న కోడళ్ళు చీపుళ్ళు ఆపి, ఎంత మంచి మనిషో అన్నట్టు చూశారు.

*

పల్లంలో తెనెన్ వేసిన టమాటాలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి.

"అక్కా, ఇవి పండేదాకా ఆగనియ్యవూ?" అని గట్టుమీద నిలబడి బతిమాలుకుంది.

"నా ఉల్లి నేలలో ఉన్నప్పుడు నువ్వు ఆగావా?" అంది సితాన్.

తెనెన్ పార భుజాన వేసుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. న్యెబా ఇదంతా చూసింది. "కూతురా, ఆమె తప్పేముంది ఇందులో?"

"ఏం లేదమ్మా. నా తప్పు కూడా ఏం లేదప్పుడు."

"ఒక్క మడి వదిలితే ఏం పోతుంది?"

"నాకు నచ్చదు."

ఆ రాత్రి న్యెబా సంకటి గిన్నె దగ్గరకు రాలేదు. మరునాడూ రాలేదు. తర్వాత ఆకలేసి వచ్చింది. గబగబా తిని, చేయి కడుక్కుని లేచిపోయింది. సితాన్ బతిమాలలేదు. వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ వేళాకోళం పుట్టడానికి గోంగూర పూతకొచ్చేదాకా పట్టింది. ఆ తర్వాత కూడా తెనెన్ పేరు వచ్చినప్పుడల్లా ఇద్దరిలో ఒకరు లేచి నీళ్ళకి పోయేవారు.

వానలు పడ్డాయి, న్యెబా గడువు తీరింది. వీడ్కోలుకి ఊరంతా జుమానా వాకిట్లో చేరింది. జుమానా ఆ రోజు చాలా ఉల్లాసంగా ఉన్నాడు. ఒక గిన్నెకోడి కోయించాడు. "మరి నా పల్లం ఏం చేస్తావే? మోసుకుపోతావా, ఇక్కడే పారేస్తావా?" అని అడిగాడు, అందరికీ వినపడేలా.

న్యెబా కంబా చెవిలో చెప్పింది. కంబా లేచింది. "న్యెబా త్రావోరే తన నేలని తన కూతురికి వదిలి వెళుతోంది!"

"కూతురా?" జుమానా నవ్వాడు. "పెళ్ళే కాలేదు, నీకు కూతురెక్కడిదే?"

"ఈ పేరు పెట్టిన రోజున నువ్వే ఒప్పుకున్నావుగా బొబ్బర్ల బస్తా" అంది న్యెబా. "న్యెబా త్రావోరేకి కూతురెవరో ఈ ఊళ్ళో ఎవరినైనా అడుగు."

ఎవరూ అడగలేదు. అందరి తలలూ ఒకేసారి సితాన్ వైపు తిరిగాయి. సితాన్ మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాదగా గోడవైపు చూస్తోంది.

లారీ ఎక్కేటప్పుడు న్యెబా ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "తెనెన్‌కి..." అని మొదలుపెట్టింది. సితాన్ ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది. "వెళ్ళిరా అమ్మా."

మరుసటి కోతకి సితాన్ ఒక బుట్టెడు ఉల్లిపాయలు నింపింది. బుట్ట ఆ బుట్టే. దాన్ని తెనెన్ చేతే బావగారికి పంపించింది. కంబా వెనకే వెళ్ళి, జుమానా ఏమన్నాడో విని వచ్చి చెప్పింది. అందరూ చూస్తున్నారు కాబట్టి దీవించక తప్పలేదట. "అల్లా ఆమెకు ఇంకా పెట్టే చెయ్యి ఇవ్వాలి" అన్నాడట. సితాన్ ఆ మాట కంబా చేత మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. న్యెబా నెబ్రాస్కాలో ఒక బడిలో పనిచేస్తోంది. పండక్కి ఫోను చేసి, "బొబ్బర్ల బస్తా బతికే ఉన్నాడా?" అని అడిగి, ఆ తర్వాతే కూతురి క్షేమం అడుగుతుంది. తెనెన్ ఊరవతల అద్దె నేలలో టమాటాలు వేసుకుంటోంది. సితాన్ మోకాళ్ళు పట్టేసినా పొద్దున్నే బావగారి గుమ్మానికి పోతుంది, వస్తూ గాదె మలుపులో పుక్కిలిస్తుంది. ఈ ఏడు ఉల్లి మళ్ళ చుట్టూ గట్టుమీద బొబ్బర్లు కూడా వేసింది. ప్రతి కోతకీ ఒక బుట్ట వెళుతుంది. జుమానాకి ఇప్పుడు చూపు లేదు, బుట్ట గుమ్మంలోకి వచ్చిందని వాసన పట్టి తెలుసుకుంటాడు.